జీవిత భాగస్వామికి అమెరికా వీసా: నిరీక్షణ ఎక్కడ పెరుగుతుంది, త్వరగా తేల్చమన్న అభ్యర్థన ఎప్పుడు ఫలిస్తుంది?

మూడు వారాల సెలవు మీద హైదరాబాద్‌కో, విజయవాడకో, కరీంనగర్‌కో వచ్చి పెళ్లి చేసుకుని, పదహారు రోజుల పండుగైనా పూర్తికాకముందే అమెరికా విమానం ఎక్కే వరుడు తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. అలా వెళ్లే వధువులూ ఉన్నారు. ఇక్కడ మిగిలిపోయిన భాగస్వామి చేతిలో ఒక రసీదు సంఖ్య ఉంటుంది. అందులో కదలిక వచ్చిందా అని రోజూ చూసుకోవడం, ‘ఇంకా రాలేదా’ అని అడిగే బంధువులకు ఏదో ఒక సమాధానం చెప్పడం ఆ ఇంటి దినచర్యలో భాగమైపోతాయి.

నెలలు గడిచేకొద్దీ ప్రతి కుటుంబానికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. దీన్ని త్వరగా తేల్చే మార్గం లేదా?

మార్గం ఉంది. అమెరికా వలస వ్యవస్థలో దానిని ‘ఎక్స్‌పెడైట్’ అభ్యర్థన అంటారు. అయితే ఏ దశలో ఎవరిని అడగాలి, ఏ కారణం చెల్లుతుంది, అడిగినంత మాత్రాన ఏం జరుగుతుంది అన్న విషయాల్లో అపోహలు ఎక్కువ. నిజానికి చాలా కుటుంబాల నిరీక్షణను ఈ అభ్యర్థన కంటే ఎక్కువగా నిర్ణయించేవి పెళ్లి జరిగిన తేదీ, ఆ నాటికి స్పాన్సర్‌కు అమెరికాలో ఉన్న హోదా, సమర్పించిన కాగితాల తీరు.

స్పాన్సర్ హోదాను బట్టి వరుస

అమెరికా పౌరుల భార్య లేదా భర్త చట్టం దృష్టిలో ‘తక్షణ బంధువు’. ఈ విభాగంలో ఇచ్చే వీసాలకు వార్షిక పరిమితి లేదు. అంటే దరఖాస్తు పరిశీలనకు పట్టే కాలమే తప్ప, వీసా సంఖ్య కోసం విడిగా వేచి ఉండాల్సిన అవసరం రాదు.

స్పాన్సర్‌కు పౌరసత్వం లేక గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు భాగస్వామి ‘ఎఫ్‌2ఎ’ అనే ప్రాధాన్య విభాగంలోకి వస్తారు. దీనికి వార్షిక పరిమితి ఉంది. ప్రాథమిక పిటిషన్ అందిన తేదీ ఆ కుటుంబానికి ‘ప్రయారిటీ డేట్’ అవుతుంది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో ఆ తేదీ వంతు వచ్చేవరకు, మిగతా పనులన్నీ పూర్తయినా వీసా చేతికి రాదు.

ఈ వరుస ఎప్పుడూ ఒకే వేగంతో కదలదు. 2019 జులై నుంచి 2023 మార్చి వరకు ఎఫ్‌2ఎ విభాగం ‘కరెంట్’గా ఉంది. అంటే వరుసలో నిలబడాల్సిన అవసరమే లేదు. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో మాత్రం ఆ తేదీ ఒక్కసారిగా 2020 సెప్టెంబర్ 8కి వెనక్కి వెళ్లింది. అప్పటివరకు ఇంటర్వ్యూ కోసం సూట్‌కేసులు సర్దుకున్న కుటుంబాలు రాత్రికి రాత్రి మళ్లీ క్యాలెండర్ ముందు కూర్చున్నాయి.

ఒక ఊరట ఏమిటంటే, ఉద్యోగ ఆధారిత విభాగాల్లో భారతీయులను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టే దేశాలవారీ పరిమితి ఇక్కడ అంతగా బాధించదు. ఎఫ్‌2ఎ వీసాల్లో 75 శాతాన్ని ఆ పరిమితితో నిమిత్తం లేకుండా ఇస్తారు.

గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లి

తెలుగు కుటుంబాలను ఎక్కువగా ఆశ్చర్యపరిచే విషయం ఇది. హెచ్‌-1బీ వీసాపై పనిచేసే ఉద్యోగి పెళ్లి చేసుకుంటే భార్యకు లేదా భర్తకు హెచ్‌-4 వీసా కోసం హైదరాబాద్‌లోని కాన్సులేట్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఎఫ్‌2ఎ వరుసతో పని లేదు. అదే ఉద్యోగి గ్రీన్‌కార్డు పొందిన తర్వాత పెళ్లి చేసుకుంటే, హెచ్‌-4 దారి మూసుకుపోయి భాగస్వామి ఎఫ్‌2ఎ వరుసలో చేరాల్సి వస్తుంది. హోదా పెరిగిన కొద్దీ నిరీక్షణ పెరగడం వింతగా అనిపించినా, చట్టం రాసిన తీరు అది.

పెళ్లి గ్రీన్‌కార్డు మంజూరు కాకముందే జరిగి ఉంటే మరో దారి ఉంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు పొందిన వ్యక్తికి అంతకుముందే వివాహం అయి ఉంటే, అతని లేదా ఆమె భాగస్వామి అదే విభాగంలో, అదే ప్రయారిటీ డేట్‌తో ‘ఫాలోయింగ్ టు జాయిన్’ పద్ధతిలో వీసా కోరవచ్చు. కొత్తగా కుటుంబ పిటిషన్ వేయనక్కర్లేదు. అయితే ఆ ఉద్యోగ విభాగం తేదీ వీసా ఇచ్చే నాటికి కరెంట్‌గా ఉండాలి. వ్యత్యాసమంతా ముహూర్తం ముందు పడిందా, గ్రీన్‌కార్డు ముందు వచ్చిందా అన్నదానిలోనే ఉంది. పెళ్లిచూపుల్లో జీతం, గోత్రం, ఉద్యోగం గురించి అడిగే పెద్దలు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగడం మంచిది.

ఎఫ్‌2ఎ వరుసలో ఉండగానే స్పాన్సర్ అమెరికా పౌరుడైతే పిటిషన్ తక్షణ బంధువు విభాగంలోకి మారుతుంది. సాధారణంగా గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు పౌరసత్వం పొందవచ్చు. ఆ గడువుకు 90 రోజుల ముందే దరఖాస్తు వేసే వీలుంది. పౌరసత్వం వచ్చాక ఆ పత్రం నకలును ఫైలు ఉన్న కార్యాలయానికి పంపి మార్పు కోరాలి.

ఈ మార్పులో ఒక చిక్కు ఉంది. ఎఫ్‌2ఎ పిటిషన్ ఒక్కటే వేసినా, అందులో భార్యతో పాటు పిల్లలకూ చోటు ఉంటుంది. తక్షణ బంధువు విభాగంలో ఆ వెసులుబాటు లేదు. ప్రతి బిడ్డకూ విడిగా పిటిషన్ వేయాలి. ఈ సంగతి తెలియక భార్యకు వీసా వచ్చి, బిడ్డ ఫైలు మొదలు కూడా కాని స్థితి ఎదురుకావచ్చు.

ఒక ఫైలు, మూడు కార్యాలయాలు

భాగస్వామి వీసా ఫైలు మూడు చోట్ల తిరుగుతుంది. మొదటిది అమెరికా అంతర్గత భద్రత శాఖ కింద పనిచేసే పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్. ఐ-130 పిటిషన్ ఇక్కడే వేయాలి. 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం దీని రుసుము ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితంపై అయితే 675 డాలర్లు. పెళ్లి నిజమైనదేనా, స్పాన్సర్‌కు అర్హత ఉందా అన్నవి ఈ సంస్థ చూస్తుంది. పిటిషన్ ఆమోదం పొందితే ఆ బంధుత్వాన్ని గుర్తించినట్లే తప్ప అమెరికాలో ప్రవేశించే హక్కు వచ్చినట్లు కాదు.

రెండోది విదేశాంగ శాఖ పరిధిలోని నేషనల్ వీసా సెంటర్. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మౌత్‌లో ఉన్న ఈ కేంద్రం రుసుములు తీసుకుని, డీఎస్-260 దరఖాస్తు, పౌర పత్రాలు, స్పాన్సర్ ఇచ్చే ఐ-864 పోషణ హామీపత్రం సేకరిస్తుంది. స్పాన్సర్ ఆదాయం సాధారణంగా అమెరికా ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. అంత లేకపోతే మరొకరు సహ స్పాన్సర్‌గా నిలబడవచ్చు. పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయని కేంద్రం నిర్ధారించిన తర్వాతే ఇంటర్వ్యూ వరుసలో చోటు దక్కుతుంది.

మూడోది కాన్సులేట్. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008 నుంచి ఉంది, 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది కూడా. అయినా విద్యార్థి, ఉద్యోగ, పర్యటక వీసాల మాదిరిగా జీవిత భాగస్వామి ఇమిగ్రెంట్ వీసా పని ఇక్కడ జరగదు. తెలుగు రాష్ట్రాలవారు ముంబయిలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉన్న కాన్సులేట్‌కు వెళ్లాలి. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో వెళ్లే దరఖాస్తుదారుకు ఇది ఒక్కరోజు పని కాదు. కాన్సులేట్ గుర్తించిన వైద్యుల వద్దే పరీక్షలు చేయించుకోవాలి, వేలిముద్రలకు వేరే కేంద్రానికి వెళ్లాలి, ఇంటర్వ్యూకు అసలు పత్రాలన్నీ వెంట ఉండాలి.

త్వరగా తేల్చమని అడగాలంటే

ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడం మొదటి మెట్టు. యూఎస్‌సీఐఎస్ వద్ద ఉన్న ఫైలు గురించి ముంబయికి రాసినా, నేషనల్ వీసా సెంటర్ వద్ద ఉన్నదాని గురించి యూఎస్‌సీఐఎస్‌ను అడిగినా ఫలితం ఉండదు. ఒక దశలో అంగీకరించిన తొందర తర్వాతి దశకు దానంతట అదే వర్తించదు. అక్కడ మళ్లీ అడగాల్సిందే.

చాలామంది మొదట అడిగేది డబ్బు కట్టి త్వరగా చేయించుకోవచ్చా అని. హెచ్‌-1బీ పిటిషన్‌కు అదనపు రుసుము కడితే 15 పనిదినాల్లో స్పందించే ‘ప్రీమియం ప్రాసెసింగ్’ ఉంది. ఐ-130కి ఆ సదుపాయం లేదు. కంపెనీ తన ఉద్యోగి కోసం కొనగలిగే వేగం, ఆ ఉద్యోగి తన భార్య కోసం కొనలేడు. రుసుము తీసుకుని త్వరగా చేయిస్తామని ఏజెంట్ ఎవరైనా చెబితే, వారు అమ్ముతున్నది లేని వస్తువు.

యూఎస్‌సీఐఎస్ దశలో అభ్యర్థనకు కొన్ని ప్రాతిపదికలు ఉన్నాయి. వ్యక్తికి లేదా సంస్థకు తీవ్ర ఆర్థిక నష్టం, అత్యవసర స్థితి లేదా మానవతా కారణం, అమెరికా ప్రయోజనాలకు తోడ్పడే లాభాపేక్ష లేని సంస్థ అవసరం, ప్రభుత్వ ప్రయోజనం, యూఎస్‌సీఐఎస్ చేసిన స్పష్టమైన పొరపాటు. పిటిషన్ వేసి రసీదు వచ్చాక, స్పాన్సర్ సంప్రదింపుల కేంద్రానికి ఫోన్ చేసి లేదా ఆన్‌లైన్ ఖాతా ద్వారా కోరవచ్చు. ఒప్పుకోవాలా వద్దా అన్నది పూర్తిగా అధికారుల విచక్షణ. తిరస్కరిస్తే దానిపై అప్పీలు లేదు.

భార్యాభర్తలు వేరుగా ఉండటం ఆ కారణాల్లో లేదు. అది కఠినంగా కనిపించవచ్చు. కానీ ఆ వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరి పరిస్థితీ అదే కనుక, దాని ఆధారంగా ఒకరిని ముందుకు పంపడానికి అధికారికి ప్రాతిపదిక దొరకదు. అభ్యర్థన నిలబడాలంటే మిగతావారికి లేని పరిస్థితి ఏదో చూపాలి, దానికి రుజువు ఉండాలి.

ఉదాహరణకు స్పాన్సర్‌కు పెద్ద శస్త్రచికిత్స జరగనుంది, చూసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు అనుకుందాం. ‘ఆరోగ్యం బాగాలేదు’ అన్న ఒక్క వాక్యం చాలదు. వ్యాధి ఏమిటి, చికిత్స ఎప్పుడు, తోడు ఎందుకు అవసరం అన్నవి వైద్యుడు తన వివరాలతో, సంతకంతో ఇచ్చిన లేఖలో ఉండాలి. చికిత్స తేదీ, ఇతర బంధువులు అందుబాటులో లేని సంగతి స్పష్టంగా రాయాలి. ఆర్థిక నష్టం అంటే లెక్కలు చూపాలి. కుటుంబం సకాలంలో దరఖాస్తు చేయకపోవడం వల్లే ఆ నష్టం వచ్చిందనిపిస్తే అభ్యర్థన బలహీనపడుతుంది. గర్భం విషయంలోనూ ప్రసవ తేదీ కంటే వైద్యపరమైన ప్రమాదం గురించి డాక్టర్ రాసిన మాటకే బరువు ఎక్కువ.

నేషనల్ వీసా సెంటర్ దశలో ప్రాణాపాయ స్థితి వంటి అత్యవసర కారణాలతో ఈమెయిల్ ద్వారా కోరవచ్చు. అక్కడి సిబ్బంది నిర్ణయం తీసుకోరు. అభ్యర్థనను కాన్సులేట్‌కు పంపి, అక్కడి జవాబును కుటుంబానికి తెలియజేస్తారు. ఎఫ్‌2ఎ విభాగంలో ఉన్నవారు మరొకటి గుర్తించాలి. ఎంత పెద్ద కారణమైనా ప్రయారిటీ డేట్ వంతు రాకపోతే వీసా ఇవ్వడం కుదరదు. చట్టం నిర్ణయించిన సంఖ్యను ఎక్స్‌పెడైట్ అభ్యర్థన దాటలేదు.

అభ్యర్థన అంగీకరించడమంటే ఫైలును ముందుగా చూడటానికి ఒప్పుకోవడం మాత్రమే. చూశాక కాగితాలు సరిపోకపోతే, తొందరగా వచ్చేది తిరస్కరణే.

ఇంటిపేరు తెచ్చే జాప్యం

కుటుంబం తన చేతులతో తగ్గించుకోగల జాప్యం ఎక్కువగా పత్రాల్లోనే ఉంటుంది. తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇంటిపేరు పదో తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరంగా, ఆధార్‌లో ముందు, పాస్‌పోర్టులో చివర ఉండటం మామూలే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా పత్రాల్లో దాన్ని ఇంటిపేరుగా తీసుకుని, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని రాస్తారు. పేరు తెలియదు అని దాని అర్థం. పెళ్లి తర్వాత పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకుంటే మరో తేడా చేరుతుంది. ఇన్ని రూపాలూ ఒకే మనిషివని చూపే పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

జనన ధ్రువపత్రం రెండో చిక్కు. బారసాలకు ముందే జననం నమోదు కావడం వల్ల పాత పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరును తర్వాత చేర్చుకోవచ్చు. జననమే నమోదు కాని పక్షంలో స్థానిక అధికారుల నుంచి ‘నమోదు లేదు’ అన్న ధ్రువపత్రం, దానితో పాటు తల్లిదండ్రులు లేదా పెద్దల ప్రమాణపత్రాలు కావాలి.

వివాహానికి గుడిలో ఇచ్చిన రసీదో, కల్యాణ మండపం కాగితమో, శుభలేఖో సరిపోదు. రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహాల తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు తప్పనిసరి చేయాలని ఆదేశించింది. అయినా సెలవు అయిపోతోందన్న హడావుడిలో నమోదును వాయిదా వేసి, తర్వాత ఆ ఒక్క సంతకం కోసం మళ్లీ విమానం ఎక్కిన వరులు ఉన్నారు. పెళ్లైన వారంలోనే ఆ పని పూర్తిచేసుకుంటే ఐ-130 కూడా అంత త్వరగా వేయవచ్చు. తెలుగులో ఉన్న పత్రాలకు అనువాదకుని ధ్రువీకరణతో ఆంగ్ల అనువాదం జతచేయాలి. పోలీసు క్లియరెన్స్‌ను పాస్‌పోర్ట్ సేవ ద్వారా పొందవచ్చు.

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో, దంపతులు కలిసి గడిపింది పది రోజులే అయినప్పుడు, ఉమ్మడి బ్యాంకు ఖాతాలూ ఇంటి అద్దె ఒప్పందాలూ ఉండవు. అలాంటప్పుడు నిశ్చితార్థం నుంచి ఉన్న ఫోటోలు, ఫోన్ సంభాషణల రికార్డులు, ప్రయాణ టికెట్లు, ఇరు కుటుంబాల రాకపోకల ఆధారాలు పిటిషన్‌తోనే పంపడం మేలు. అదనపు ఆధారాలు కోరుతూ అధికారి రాసే ఒక్క లేఖతో ఫైలు నెలల తరబడి పక్కన పడిపోవచ్చు.

ఇంటర్వ్యూ రోజున ఏదైనా పత్రం తక్కువైతే వలస చట్టంలోని 221(జి) సెక్షన్ కింద కాగితం ఇచ్చి పంపుతారు. ఏడాదిలోగా ఆ పత్రం సమర్పించకపోతే మళ్లీ దరఖాస్తు చేసి, రుసుము కట్టి మొదలుపెట్టాల్సి వస్తుంది.

చట్టసభ సభ్యుడు, న్యాయస్థానం

సాధారణ వ్యవధి దాటినా ఫైలు కదలకపోతే యూఎస్‌సీఐఎస్‌లో విచారణ అభ్యర్థన పెట్టవచ్చు. స్పాన్సర్ నివసించే ప్రాంతానికి చెందిన ప్రతినిధుల సభ సభ్యుని లేదా సెనేటర్ కార్యాలయం కూడా సంబంధిత శాఖను ఆరా తీస్తుంది. ఇందుకు ఆ కార్యాలయానికి రాతపూర్వక సమ్మతి ఇవ్వాలి. వారు నిర్ణయాన్ని ఆదేశించలేరు. కానీ ఎక్కడో ఆగిపోయిన ఫైలుపై దృష్టి పడేలా చేయగలరు.

చివరి మెట్టు ఫెడరల్ జిల్లా కోర్టు. అసమంజసమైన జాప్యం జరిగిందని, నిర్ణయం తీసుకునేలా శాఖను ఆదేశించాలని కోరే ‘మాండమస్’ పిటిషన్ ఇది. వీసా ఇవ్వమని కోర్టు చెప్పదు, ఏదో ఒకటి తేల్చమని మాత్రమే చెబుతుంది. జాప్యాన్ని తూచేటప్పుడు న్యాయమూర్తులు 1984 నాటి ఒక తీర్పులో కుదిరిన ప్రమాణాలను చూస్తారు. ఈ ఒక్కరిని ముందుకు జరిపితే అదే వరుసలోని మిగతావారు వెనక్కి జరగరా అన్న ప్రశ్న వాటిలో ఒకటి.

వీసా తిరస్కరించిన తర్వాత కోర్టు పాత్ర ఇంకా తక్కువ. అఫ్గాన్ భర్తకు వీసా నిరాకరణను సవాలు చేసిన అమెరికా పౌరురాలు ఫౌజియా దిన్‌కు 2015లో సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. ఎల్ సాల్వడార్‌కు చెందిన భర్త కోసం పోరాడిన సాండ్రా మున్యోస్ కేసులో 2024 జూన్ 21న అదే కోర్టు మరింత స్పష్టంగా చెప్పింది. విదేశీయుడైన భాగస్వామిని దేశంలోకి అనుమతించాలని కోరే ప్రాథమిక హక్కు అమెరికా పౌరులకు రాజ్యాంగం కింద లేదని మెజారిటీ తీర్పులో తేల్చింది.

వేచి ఉన్న కాలంలో

‘ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లి రావచ్చు కదా’ అన్న సలహా బంధువుల నుంచి తరచూ వస్తుంది. నిషేధమేమీ లేదు. కానీ వలస వెళ్లే ఉద్దేశం లేదని దరఖాస్తుదారే నిరూపించుకోవాలి. భార్యో, భర్తో వేసిన పిటిషన్ రికార్డులో ఉండగా ఆ నిరూపణ కష్టం. పిటిషన్ సంగతి దాచితే మాత్రం అబద్ధం చెప్పిన నేరం అసలు వీసాకే అడ్డుపడుతుంది.

ఈలోగా భారత్‌లో బిడ్డ పుడితే మరో చిత్రమైన స్థితి ఏర్పడవచ్చు. అమెరికా పౌరుడైన తండ్రి బిడ్డ పుట్టక ముందు ఐదేళ్లు, అందులో కనీసం రెండేళ్లు తనకు 14 ఏళ్లు నిండాక, అమెరికాలో గడిపి ఉంటే ఆ బిడ్డకు పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం దక్కుతుంది. నెలల పసికందు చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది, ఎత్తుకున్న తల్లి మాత్రం ముంబయి పిలుపు కోసం చూస్తుంటుంది.

వీసా వచ్చాక కూడా తేదీ ఒకటి గమనించాలి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెట్టేవారికి సీఆర్‌1 హోదాతో రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేసి, కాపురం నిజమైనదని మళ్లీ నిరూపించుకోవాలి. రెండేళ్లు నిండాక దిగేవారికి ఐఆర్‌1 హోదాతో పదేళ్ల కార్డు వస్తుంది. లెక్కించేది పెళ్లి రోజు నుంచి అమెరికాలో ప్రవేశించిన రోజు వరకు. అందుకే ఏడాదిన్నర పాటు ఒక్కరోజు ముందుగా వెళ్లాలని తపించిన కొందరు, వీసా చేతికొచ్చాక దాని గడువు చూసుకుని, రెండో పెళ్లిరోజు దాటిన మర్నాటికి టికెట్ తీసుకుంటారు. వీసాపై సీఆర్‌1 అని ముద్రించి ఉన్నా, ఆ రోజు విమానాశ్రయంలోని అధికారికి వివాహ ధ్రువపత్రం చూపి ఐఆర్‌1గా నమోదు చేయమని కోరవచ్చు.